అంబాసిడర్ టాపుకి తుప్పు: రేకు మార్పించేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా నాన్నగారి అంబాసిడర్ విశాఖలో సముద్రానికి కూతవేటు దూరంలో ఇరవై ఏళ్లకు పైగా ఆరుబయటే ఉండిపోయింది. దాని టాపు ఒకసారి తప్పుగా, రెండోసారి సరిగ్గా చేయించాను. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి పాత బండి ఉన్న చుట్టాలూ స్నేహితులూ ఫోన్ చేసి అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఇవే.

పైన రెండు మూడు బుడగలు తప్ప ఏమీ కనిపించడం లేదు. దీనికే టాపు మార్చాలా?

పెయింటు పైకి బుడగ లేచిందంటే తుప్పు లోపలి నుంచి బయటికి వచ్చేసినట్టే. బయట బఠాణీ గింజంత ఉంటే లోపల అరచేతి వెడల్పు ఉండొచ్చు. అందుకని ముందు పైన కాదు, లోపల చూడాలి. సీలింగ్ బట్టను ఒక అంచున విప్పి టార్చిలైటు వేసి చూడండి. తర్వాత ఒక అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి టాపు మీద అంచుల వెంబడి జరపండి. ఎక్కడ పట్టు వదులైతే అక్కడ రేకు లేదు, పుట్టీ ఉంది. చివరగా స్క్రూడ్రైవర్‌తో గట్టర్ (టాపు అంచున నీళ్లు పోయే కాలువ) మూలల్లో కాస్త గట్టిగా పొడవండి. దిగిపోతే దిగిపోనివ్వండి. అది మీరు చేసిన కన్నం కాదు, ఇన్నాళ్లూ పెయింటు దాచిపెట్టిన కన్నం.

నడి టాపులో ఒకటి రెండు చోట్ల మాత్రమే ఉంటే అతుకు చాలు. గట్టర్ పొడవునా, ముందు గ్లాసు పై అంచునా, వెనుక గ్లాసు మూలల్లోనూ ఉంటే మాత్రం రేకు మొత్తం మార్చడమే మంచిది.

అసలు టాపుకి తుప్పు ఎందుకు పడుతుంది? నీళ్లు జారిపోతాయి కదా?

జారిపోయే నీళ్లతో ఇబ్బంది లేదు, ఆగిపోయే నీళ్లతోనే. అంబాసిడర్ టాపు అంచు, దాని కింది పట్టీ, నీళ్లు పోయే గట్టర్ ఒకదాని మీద ఒకటి పేర్చి స్పాట్ వెల్డింగ్ (చుక్కలు చుక్కలుగా అతికే వెల్డింగ్) చేసి ఉంటాయి. ఆ మడతల మధ్యకు పెయింటు పోదు. సందు మూయడానికి పైన రాసిన సీలెంట్ ఎండకు ఎండి పగిలితే ఆ వెంట్రుకవాసి సందులోకి నీరు వెళ్తుంది. వెళ్లిన నీరు బయటికి రాదు. సముద్రపు గాలి ఉన్న ఊళ్లో అయితే దానికి ఉప్పు తోడు.

రెండో దారి గ్లాసు రబ్బరు. ముప్పై ఏళ్ల రబ్బరు రాయిలా గట్టిపడి అంచు వదిలేస్తుంది. మూడోది మనం చేసుకున్నది: గట్టర్‌కి బిగించిన క్యారియర్ క్లాంపులు పెయింటును కొరికేస్తాయి.

ఇంకొకటి వేలంలో కొన్న ప్రభుత్వ బళ్లలో చూడాలి. వాటి టాపు మీద ఒకప్పుడు ఎర్ర బుగ్గ ఉండేది, కొన్నిటికి వైర్‌లెస్ ఏరియల్ కూడా. 2017 మే 1 నుంచి ఎర్ర బుగ్గలు తీసేశారు గానీ, చాలా బళ్లలో ఆ కన్నాలను పుట్టీతో మూసి రంగేశారు. నడి టాపులో గుండ్రంగా బుడగ లేస్తే కారణం చాలాసార్లు అదే.

అతుకులు వేయించి, పుట్టీ పెట్టి రంగేస్తే సరిపోదా?

నేను మొదటిసారి చేసింది అదే. ఆ షాపు పేరు ఎందుకులెండి. మూడు రోజుల్లో బండి అద్దంలా మెరుస్తూ ఇంటికి వచ్చింది. రెండో వానాకాలానికి అదే చోట, అదే బుడగ, ఈసారి చుట్టూ పిల్లలతో. గీకి చూస్తే తుప్పు పట్టిన రేకు మీదే ఫైబర్ మ్యాట్ పరిచి, దాని మీద పుట్టీ పట్టించారు. పైన పటారం, లోన లొటారం. పుట్టీ తేమను పీల్చుకుంటుంది, ఫైబర్ ఆ తేమను రేకుకు అంటిపెట్టి ఉంచుతుంది. అంటే తుప్పుకి దుప్పటి కప్పినట్టు.

అతుకు వేయడం తప్పు కాదు. తుప్పును పూర్తిగా కోసి, మంచి రేకు తేలేదాకా వెళ్లి, అంచుకు అంచు కలిపి వెల్డింగ్ చేస్తే అది పదికాలాలు ఉంటుంది. పాత రేకు మీద కొత్త ముక్క ఎక్కించి వెల్డింగ్ చేస్తే ఇంకో మడతను, ఇంకో నీటి ఇంటిని కట్టినట్టే.

టాపు రేకు ఎక్కడ దొరుకుతుంది?

కొత్తది దొరకదనే అనుకుని వెతకండి. కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో 1957 ప్రాంతంలో మొదలైన ఈ బండి తయారీ 2014లో ఆగిపోయింది. ఎప్పుడో గోడౌనులో మిగిలిపోయిన రేకు చేతికొస్తే అదృష్టం. మామూలుగా చేసేది స్క్రాపుకి వెళ్లిన బండి టాపు కోయించి తెచ్చుకోవడమే. విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఫలానా చోట ఒకటి పడి ఉందని ఎవరో ఒకరు చెబుతారు. కోల్‌కతా టాక్సీలు విడగొట్టే వాళ్ల దగ్గర ఎక్కువే ఉంటాయి. కానీ లారీలో తెప్పించుకుంటే దారిలో నొక్కులు పడకుండా చెక్క ఫ్రేములో బిగించమనాలి.

కొనేటప్పుడు మూడు సంగతులు గుర్తుంచుకోండి. కోయించేటప్పుడు టాపును అంచు దాకా కాకుండా, దాన్ని మోసే నిలువు స్తంభాలలో ఒక జానెడు కిందికి కోయించండి. గట్టర్, దాని కింది పట్టీ కూడా దాంతోనే రావాలి. మీ బండిలో అవి కూడా పోయి ఉంటే ఆ ముక్కలే ప్రాణం పోస్తాయి. రెండు, తెచ్చే టాపు మీద కూడా అయస్కాంతం జరపండి. టాక్సీ టాపులకు బోర్డు కన్నాలు, క్యారియర్ నొక్కులు సహజం. మూడు, అన్ని మార్కుల (మోడళ్ల) అంబాసిడర్ల టాపులూ చూపుకి ఒకేలా ఉంటాయి. అయినా గ్లాసు ఖాళీల పొడవు వెడల్పులు, మూల నుంచి మూలకు ఐమూల కొలతలు టేపుతో తీసుకుని వెళ్లండి. కంటి లెక్క నమ్మకండి.

కొత్త రేకు తెచ్చి మేస్త్రి చేత కొట్టించుకోవచ్చా?

నడి భాగం కొట్టడం మంచి మేస్త్రికి కష్టం కాదు. కష్టమంతా అంచులు తిరిగే మూలల్లోనే. అంబాసిడర్ టాపులో తిన్నటి చోటంటూ లేదు, అన్ని వైపులకీ వాలుతుంది. ఇంగ్లీష్ వీల్ (రేకుకు వంపు తీసే చక్రాల యంత్రం) లేకుండా సుత్తి, ఇసుక సంచితోనే ఆ వంపు తీసే పెద్దవాళ్లు ఇంకా కొద్దిమంది ఉన్నారు. అలాంటి చెయ్యి దొరికితే సరే. లేకపోతే మూలల వరకు పాత బండి ముక్కలు వాడి, మిగతాది కొత్త రేకుతో చేయించండి.

రేకు కొనేటప్పుడు సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు, 20 గేజి అడగండి. అంటే దాదాపు 0.9 మిల్లీమీటర్లు. 22 గేజి చవక, కొట్టడానికి సులువు. కానీ వెల్డింగ్ వేడికి అప్పడంలా వంకరపోతుంది. జీఐ (జింకు పూత) రేకు తుప్పు పట్టదు కదా అని కొందరు సలహా ఇస్తారు. వెల్డింగ్ చేసినప్పుడు దాని జింకు పొగ పీల్చిన మేస్త్రికి ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. పైగా అతుకు దగ్గర జింకు కాలిపోయి మామూలు ఇనుమే మిగులుతుంది. మీకు లాభం లేదు, ఆయనకి నష్టం.

టాపు కోసేస్తే బండి వంగిపోదా?

వంగుతుంది. ఈ ఒక్క జవాబు చదివి మిగతావి వదిలేసినా ఫర్వాలేదు.

జీపుకో లారీకో ఉన్నట్టు అంబాసిడర్‌కి కింద విడి చాసిస్ (బండిని మోసే ఇనుప చట్రం) లేదు. బాడీయే చాసిస్. టాపు దానికి మూతలాంటిది. అట్టపెట్టె మూత తీసేసి రెండు వైపులా నొక్కి చూడండి, అర్థమవుతుంది. కాబట్టి కోతకు ముందు బండిని జాకీ మీద కాకుండా నాలుగు చక్రాల మీద, సమంగా ఉన్న నేల మీద నిలబెట్టాలి. అది చేశాక తలుపులన్నీ వేసి, ప్రతి తలుపు చుట్టూ సందు ఎంతుందో మాస్కింగ్ టేపు మీద రాసి అక్కడే అంటించాలి. నడి స్తంభాల మధ్య అడ్డంగా ఒక చదరపు పైపు, ముందు స్తంభం నుంచి వెనుక స్తంభానికి ఐమూలగా రెండు పైపులు తాత్కాలికంగా వెల్డింగ్ చేయించాలి. తలుపులు తెరిచి మూసే వీలుండేలా లోపలి వైపు పెట్టించండి. ఎందుకంటే పనిలో ప్రతి మెట్టు దగ్గరా తలుపు వేసి చూడాల్సి వస్తుంది.

"ఇవన్నీ ఎందుకు సార్, ఎన్ని బళ్లు చేయలేదు" అని మేస్త్రి అనొచ్చు. మా మేస్త్రీ అన్నారు. నేను పైపుల డబ్బు విడిగా ఇస్తానన్నాక చేశారు. తర్వాత ఆయనే ఇంకో బండికి అలా చేస్తుంటే చూశాను.

కోతకు ముందు ఏమేం విప్పాలి?

ముందు, వెనుక గ్లాసులు రబ్బర్లతో సహా తీసేయాలి. గ్రైండర్ నిప్పురవ్వలు గ్లాసులో గుచ్చుకుని ఉండిపోతాయి, తర్వాత ఎంత రుద్దినా పోవు. పక్క గ్లాసులను దించి తడి గోనెపట్టాలు కప్పాలి. సీట్లు, కార్పెట్లు, సీలింగ్ బట్ట, లోపలి లైటు, దాని వైరు అన్నీ బయటికి. బ్యాటరీ తీగలు విప్పేయాలి. పెట్రోలు ట్యాంకు వెనుక డిక్కీ వైపే కాబట్టి దాన్ని దించేసి దూరంగా పెట్టిస్తేనే నాకు నిద్ర పట్టింది. పక్కన నీళ్ల బకెట్టు, ఇసుక, ఒక ఫైర్ సిలిండర్ ఉండాలి.

సీలింగ్ బట్టను మోసే ఇనుప కమ్మీలు ఒక్కోటి ఒక్కో కొలత. తీసేటప్పుడే ముందు నుంచి వెనక్కి నంబర్లు వేసి కట్ట కట్టండి. మేం వేయలేదు. తర్వాత ఒక పూటంతా అష్టాచమ్మా ఆడాం.

పాత టాపు తీసే పద్ధతి ఏమిటి?

రెండు దఫాలుగా తీయాలి. మొదట అంచుకు రెండంగుళాలు లోపలగా చుట్టూ కోసి నడిరేకును ఎత్తేస్తే చెయ్యి ఆడడానికి చోటు దొరుకుతుంది. ఆ తర్వాత మిగిలిన అంచుపట్టీ. గట్టర్‌లో పెయింటు, సీలెంట్ గీకేస్తే స్పాట్ వెల్డింగ్ గుంటలు వరుసగా కనిపిస్తాయి. కనిపించకపోతే సన్నటి ఎమెరీ పేపర్‌తో రుద్దండి, గుంటల్లో పెయింటు ఉండిపోయి చుక్కల్లా తేలతాయి. ఒక్కోదాన్ని స్పాట్ వెల్డ్ కట్టర్‌తో, అది లేకపోతే 8 ఎంఎం బిట్టుతో పై రేకు వరకే డ్రిల్ చేయాలి. కింది రేకు దాకా దింపితే తర్వాత ఆ కన్నాలన్నీ మీరే పూడ్చుకోవాలి. ఉలి పెట్టి బాది ఊడబెరికితే అరగంటలో అయిపోతుంది, గట్టర్ కూడా దాంతోనే పోతుంది. ఓపికగా చేస్తే ఇది ఒకటిన్నర రోజు పని.

పాత అంచుపట్టీని పారేయకండి. కొత్తది సరిగ్గా కూర్చుందో లేదో పోల్చుకోవడానికి అదే అచ్చు.

స్తంభాల దగ్గర బూడిదరంగు మెత్తటి లోహం కనిపించింది. అదేంటి?

సీసం కావచ్చు. ఆ కాలంలో అతుకులను పుట్టీతో కాకుండా సీసం, తగరం కలిపిన లోహం కరిగించి పూడ్చేవారు. దాన్ని గ్రైండర్‌తో రుద్దకండి, ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే విషం. సన్నటి గ్యాస్ మంటతో వెచ్చచేస్తే 183 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, గరిటెతో తీసేయొచ్చు. మాస్కు పెట్టుకుని, గాలి ఆడే చోట చేయాలి. పిల్లల్ని దరిదాపుల్లోకి రానివ్వకండి.

టాపు తీశాక కింది పట్టీ కూడా జల్లెడలా ఉంది. ఇప్పుడేం చేయాలి?

గాభరా పడకండి, ఇది మామూలే. నిజానికి రేకు మార్చడమంటే సగం పని ఇదే. కింది పట్టీ చెక్కుచెదరకుండా, పైన మాత్రమే తుప్పు పట్టిన బండి నేనింతవరకు చూడలేదు. మొత్తం ఒకేసారి కోయకుండా, ఒక జానెడు కోసి, అక్కడ కొత్త ముక్క వెల్డింగ్ చేసి, చల్లారాక పక్క జానెడుకి వెళ్లాలి. తుప్పు మరకలు మిగిలిన చోట వైరు బ్రష్‌తో తెల్లగా తోమి, ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ పూసి, కడిగి, పూర్తిగా ఆరబెట్టి ప్రైమర్ వేయాలి. కోస్తాలో అయితే తోమిన రేకును ఒక్క రాత్రి కూడా అలా వదలకండి, పొద్దున్నకి నారింజరంగు పొర పట్టేస్తుంది.

గ్యాస్ వెల్డింగా, సీఓటూ వెల్డింగా?

గ్యాస్ అంటే మంటతో అతకడం, సీఓటూ అంటే కరెంటుతో వైరును కరిగించి అతకడం. పాత మేస్త్రులు గ్యాస్ అంటారు, కుర్రాళ్లు సీఓటూ అంటారు. ఇద్దరి దగ్గరా న్యాయం ఉంది. గ్యాస్ అతుకు మెత్తగా ఉంటుంది, సుత్తితో సాపు చేయొచ్చు, కానీ వేడి చాలా దూరం పాకి రేకు ఉబ్బుతుంది. సీఓటూ వేడి తక్కువ చోటే ఉంటుంది. అతుకు మాత్రం గట్టిది, గ్రైండ్ చేయాల్సిందే. టాపు లాంటి పెద్ద రేకుకి నేను సీఓటూనే చేయిస్తాను. 0.6 లేదా 0.8 ఎంఎం వైరు ఉండాలి.

ఒప్పుకోకూడనిది ఇత్తడి అతుకు. సులువుగా పారుతుందని కొందరు ఇత్తడి కడ్డీతో అతికేస్తారు. దానికి వాడే ఫ్లక్స్ (అతుకు పట్టడానికి వేసే రసాయనం) పూర్తిగా పోకపోతే అక్కడి నుంచే మళ్లీ తుప్పు. పైగా ఇత్తడి తగిలిన చోట రేపు స్టీలు వెల్డింగ్ సరిగ్గా పట్టదు.

కొత్త టాపును ఎలా కూర్చోబెట్టాలి?

ఇద్దరు పట్టుకుని, ఒకరు చూస్తూ. కొత్త రేకు అంచులో వెల్డింగ్ చేయడానికి అంగుళంన్నరకొక కన్నం పంచ్ చేసి, రెండు రేకులు కలిసే చోట వెల్డ్-త్రూ (దాని మీదే వెల్డింగ్ చేయగలిగే) జింక్ ప్రైమర్ పూసి, టాపును పెట్టి క్లాంపులు బిగించాలి. వెంటనే వెల్డింగ్ మొదలుపెట్టొద్దు. నాలుగు తలుపులు వేసి టేపు మీద రాసుకున్న సందులతో పోల్చాలి. ఆ తర్వాత ముందు గ్లాసును రబ్బరుతో సహా తెచ్చి ఖాళీలో నిలబెట్టి చూడాలి. రెండు మిల్లీమీటర్ల తేడా ఇప్పుడు తేలితే క్లాంపు వదులు చేస్తే చాలు. ఇప్పుడు చూడకుండా వెల్డింగ్ చేసేస్తే గ్లాసు పగిలేదాకా తేలదు.

అంతా కుదిరాక మొదట మూలల్లో చిన్న టాకాలు (చుక్క వెల్డింగులు). తర్వాత ఎడమ ముందు ఒకటి, కుడి వెనుక ఒకటి, ఇలా ఎదురెదురుగా. చేతితో తాకి వేడి తగ్గిందనుకున్నాకే పక్కదానికి వెళ్లాలి. ఒక చివర మొదలెట్టి గీత గీసినట్టు చేసుకుపోతే నడి టాపు ఉబ్బి, వేలితో నొక్కితే నూనె డబ్బా అడుగులా టక్‌మని లోపలికీ బయటికీ ఆడుతుంది. అలా అయినా మార్గం ఉంది. ఉబ్బు మీద రూపాయి బిళ్లంత చోట ఎర్రబడేదాకా కాల్చి, నాలుగు దెబ్బలు తట్టి, తడిగుడ్డ వేస్తే రేకు ముడుచుకుంటుంది. దీనికి మాత్రం చెయ్యి తిరిగినవాళ్లు కావాలి.

సీలెంట్, పెయింటు ఏ వరుసలో?

ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద గట్టర్‌లో పీయూ (పాలీయురెథేన్) సీలెంట్, తర్వాత సర్ఫేసర్ (రుద్ది నునుపు చేసే పూత), ఆ పైన రంగు. సీలెంట్‌ను వేలితో నునుపు చేసి గట్టర్ రెండు కొసలకూ వాలు ఉండేలా చూడాలి. మగ్గుతో నీళ్లు పోస్తే ఎక్కడా నిలవకూడదు. సిలికాన్ సీలెంట్ వాడితే దాని మీద పెయింటు పట్టదు. పుట్టీ అవసరమైనంత మేరకే, పల్చగా. పుట్టీని నీళ్లతో రుద్దడం మన దగ్గర అలవాటు, అది వద్దని పట్టుబట్టండి. పుట్టీ తాగిన నీరు రంగు కిందే ఉండిపోతుంది. లోపలి వైపు కూడా ప్రైమర్, ఒక పూత రంగు వేయించండి. సీలింగ్ బట్ట కప్పేస్తుంది కదా అని అందరూ వదిలేసేది అక్కడే.

ఎంత ఖర్చు, ఎన్ని రోజులు?

ఊరిని బట్టీ చేతిని బట్టీ మారుతుంది కాబట్టి అంకె చెప్పను. ఒక్క సంగతి చెబుతాను: టింకరింగ్ (రేకు పని) కంటే పెయింటే ఎక్కువవుతుంది. టాపుకి మాత్రం రంగు వేస్తే పాత రంగుతో కలవదు, చివరికి బండి మొత్తం వేయిస్తారు. రబ్బర్లు, సీలింగ్ బట్ట కూడా లెక్కలో పెట్టుకోండి. మా బండి షెడ్డులో ఏడు వారాలుంది. అందులో సగం రోజులు మేస్త్రి ఇంకో బండి మీద ఉన్నారు.

ఆర్టీవో దగ్గర ఏమైనా చెప్పాలా?

అదే ఆకారం రేకు వేస్తే ఆర్సీలో మారేది ఏమీ లేదు. రంగు మార్చినా, సన్‌రూఫ్ లాంటిది పెట్టించినా అది వేరే సంగతి, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. మీ బండికి 50 ఏళ్లు దాటి, 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం నంబరులో వీఏ అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించాలనుకుంటే మరింత జాగ్రత్త. దానికి ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. బాడీ, చాసిస్, ఇంజన్ మార్చిన బళ్లకు అది వర్తించదు. అందుకే పని జరుగుతున్నప్పుడు రోజూ ఫొటోలు తీసి, పాత రేకు ఉన్న చోటే అలాంటి రేకే వేశామని చూపించగలిగేలా ఉంచుకోండి.

మాది ప్రీమియర్ పద్మిని. దానికీ ఇంతేనా?

పద్ధతి ఇంతే, అదీ చాసిస్ లేని బండే. టాపు అంబాసిడర్ అంత గుండ్రం కాదు, కాస్త తిన్నగా ఉంటుంది కాబట్టి వేడికి ఉబ్బే భయం ఎక్కువ. టాకాల మధ్య ఇంకాస్త ఆగాలి.

ఇంట్లో నేనే చేసుకోవచ్చా?

విప్పడం, గీకడం, కొలతలు, ప్రైమర్ మీరే చేసుకోండి, డబ్బు మిగులుతుంది, బండి గురించి తెలుస్తుంది. వెల్డింగ్ పాత డోరు మీదో బానెట్ మీదో నెల రోజులు నేర్చుకుంటే తప్ప టాపు జోలికి వెళ్లొద్దు.

అయ్యాక ఎలా చూసుకోవాలి?

ప్లాస్టిక్ కవరు కప్పకండి, దాని కింద చెమట పడుతుంది. గుడ్డ కవరు, నీడ చాలు. తొలకరికి ముందు గట్టర్‌లో చేరిన వేపాకులు, మట్టి పాత టూత్‌బ్రష్‌తో తీసేసి సీలెంట్ ఎక్కడైనా పగిలిందేమో చూడండి. మొదటి పెద్ద వాన కురిసిన మర్నాడు లోపలికెళ్లి సీలింగ్ బట్ట నాలుగు మూలలూ చేత్తో తడమండి. మా బండికి ఎడమ వెనుక మూల కొద్దిగా చెమ్మగా తగిలింది. విప్పి చూస్తే టాపుది కాదు, వెనుక గ్లాసు రబ్బరు ఒక చోట మడత పడింది.